21 అంకెల సంఖ్యకు రెండు నిమిషాల పరీక్ష

ఈ సంఖ్యను ఒకసారి చూడండి: 147573952589676412927. అరవై ఏడు రెండ్లను వరుసగా గుణించి, అందులోంచి 1 తీసేస్తే వచ్చేది ఇదే.

మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి 1644లో దీన్ని ప్రధాన సంఖ్యల జాబితాలో చేర్చాడు. అంటే 1తోనూ, తనతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడదని. 1876లో లూకాస్ అనే మరో ఫ్రెంచి గణితవేత్త ఆ మాట తప్పని నిరూపించాడు. చిత్రమేమిటంటే, దాని కారణాంకాలు ఏవో మాత్రం ఆయనకూ తెలియలేదు! 1903లో అమెరికా గణితవేత్త కోల్ వాటిని బయటపెట్టాడు:

193707721 × 761838257287

ఆయన సభలో నోరు మెదపకుండా బోర్డు మీద ఈ లెక్క చేసి కూర్చున్నాడనీ, ఎంతకాలం పట్టిందని అడిగితే మూడేళ్ల ఆదివారాలు అన్నాడనీ చెబుతారు.

మామూలు క్యాలిక్యులేటరులో 21 అంకెలు పట్టవు. అయినా కాగితం మీద సరిచూడవచ్చు. మొదటి కారణాంకం అంకెలు కూడితే 37, మళ్లీ కూడితే 10, మళ్లీ 1. రెండోది 64, 10, 1. ఒకట్లు రెండూ గుణిస్తే 1 కదా. పెద్ద సంఖ్య అంకెల మొత్తం 109, 10, 1. సరిపోయింది. ఇది తొమ్మిదుల పరీక్ష.

అయితే దీన్ని పూర్తిగా నమ్మకండి. చివరి 27ను 72 అని రాసినా అంకెల మొత్తం మారదు. కంప్యూటర్లు రాకముందు బ్యాంకులో ట్రయల్ బ్యాలెన్స్ కలవకపోతే, తేడాను ముందు 9తో భాగించి చూసేవాళ్లం. 81కి బదులు 18 ఎక్కిస్తే తేడా 63. తొమ్మిదితో పోతుంది, కనుక అంకెలు తారుమారయ్యాయని అనుమానం. ఒకసారి ఆ తారుమారు చేసింది నేనే. నా మూలాన సెక్షన్ అంతా రాత్రి పది దాటేదాకా కూర్చుంది.

ఇలాంటి తప్పును పట్టేది పదకొండు. కుడి నుంచి బేసి స్థానాల అంకెల మొత్తంలోంచి సరి స్థానాల మొత్తం తీసేయండి. పెద్ద సంఖ్యకు 63 - 46 = 17; 11 పోగా 6. మొదటి కారణాంకానికి 12 - 25, అంటే -13. 22 కలిపితే 9. రెండోదానికి 36 - 28 = 8. తొమ్మిది ఎనిమిదులు 72. 11తో భాగిస్తే శేషం 6. సరిపోయింది. చివర 72 అని రాసి ఉంటే 6 బదులు 7 వచ్చి దొరికిపోయేది. పక్కపక్క అంకెలు రెండు తారుమారైతే ఈ పరీక్ష ఎప్పుడూ పట్టేస్తుంది.

మధ్యలో ఒక అంకెను వదిలి అటూ ఇటూ ఉన్నవి మారితే మాత్రం తేడా 99తో పోతుంది, రెండు పరీక్షలూ ఊరుకుంటాయి. అప్పుడు కోల్ లాగా మొత్తం గుణించవలసిందే. పెద్ద కాగితం తీసుకుని ఒక ఆదివారం కూర్చోండి.