నిజమే చెప్పినా నేరమవుతుందా?

‘నేను చెప్పింది నిజమే, నన్నెవరేం చేస్తారు?’ పరువు నష్టం నోటీసు అందుకున్నవారిలో చాలామంది మొదట అనే మాట ఇదే. సివిల్ కోర్టులో ఈ ధీమా చెల్లుతుంది. పరిహారం కోరుతూ వేసిన దావాలో ఆరోపణ నిజమని తేలితే కేసు అక్కడితో సరి.

క్రిమినల్ కేసులో లెక్క వేరు. పాత ఐపీసీ 499వ సెక్షన్ స్థానంలోకి 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ వచ్చింది. నంబరు మారినా మినహాయింపులు పాతవే. వాటిలో మొదటిదాని ప్రకారం నిజమొక్కటే చాలదు, దాన్ని బయటపెట్టడం ప్రజాహితం కోసమేనని కూడా చూపించాలి. పక్కింటాయన పాత ప్రేమ వ్యవహారం అక్షరాలా నిజమే కావచ్చు. దాన్ని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టినందువల్ల ఎవరికేం మేలు జరిగిందో జడ్జికి చెప్పడం కష్టం.

మినహాయింపు కోరేవారే దాన్ని రుజువు చేసుకోవాలి. జర్నలిస్టు ప్రియా రమణి చేసింది అదే. అప్పటి కేంద్ర సహాయమంత్రి ఎం.జె. అక్బర్‌పై లైంగిక వేధింపుల ఆరోపణ చేసినందుకు 2018లో ఆమెపై క్రిమినల్ కేసు పడింది. చెప్పింది నిజమని, ప్రజాహితం కోసమే చెప్పానని ఆమె వాదించారు. 2021 ఫిబ్రవరి 17న ఢిల్లీ కోర్టు ఆమెను నిర్దోషిగా ప్రకటించింది. దశాబ్దాల తర్వాతైనా, తనకు నచ్చిన వేదిక మీదైనా గోడు చెప్పుకునే హక్కు మహిళకు ఉందని చెప్పింది. దీనిపై అక్బర్ హైకోర్టులో అప్పీల్ చేశారు.

ప్రభుత్వాన్ని విమర్శిస్తే దావా పడుతుందన్న భయం ఇంకొకటి. తమిళ పత్రిక నక్కీరన్ కేసులో సుప్రీంకోర్టు 1994లోనే దీనికి జవాబిచ్చింది: ప్రభుత్వం పరువు నష్టం దావా వేయడానికి వీల్లేదు. అధికారుల విధి నిర్వహణ గురించి రాసింది తప్పని తేలినా, నిజానిజాలు బొత్తిగా పట్టించుకోకుండా రాస్తే తప్ప పరిహారం రాదు. అయితే ఈ రక్షణ సివిల్ దావాల వరకే.

‘నేను రాయలేదు, షేర్ చేశానంతే’ అన్న సమర్థన బలహీనమైనది. అరవింద్ కేజ్రీవాల్ ఒక వీడియోను రీట్వీట్ చేసిన కేసులో, పరువు తీసే పోస్టును రీట్వీట్ చేయడమూ పరువు నష్టమేనని ఢిల్లీ హైకోర్టు 2024 ఫిబ్రవరిలో తేల్చింది. సారీ చెబితే సరిపోతుందా? అది అవతలివారి దయ. ఇదే కేజ్రీవాల్ 2018లో గడ్కరీకి, జైట్లీకి క్షమాపణ చెప్పారు, వారు ఒప్పుకున్నారు కాబట్టి ఆ కేసులు ముగిశాయి. టైమ్స్ నౌ ఛానెల్‌కు ఆ అదృష్టం లేదు. ఒక కుంభకోణం వార్తలో రిటైర్డ్ జడ్జి పి.బి. సావంత్ ఫొటోను పొరపాటున దాదాపు 15 సెకన్లు చూపించింది. తర్వాత క్షమాపణ ప్రసారం చేసినా పుణె కోర్టు 2011లో 100 కోట్ల రూపాయలు కట్టమంది.

సంపూర్ణ రక్షణ ఉన్న చోటు చట్టసభ. పూరీ శంకరాచార్య గురించి లోక్‌సభలో అన్న మాటలపై ఆయన భక్తులు నాటి స్పీకర్ నీలం సంజీవరెడ్డితో సహా పలువురిపై దావా వేస్తే, సభలో అన్న ఏ మాటకైనా రక్షణ ఉంటుందంటూ సుప్రీంకోర్టు 1970లో వారి వాదన తోసిపుచ్చింది. అదే మాట ఎమ్మెల్యే బయటికొచ్చి మీడియా పాయింట్‌లో అంటే ఆ రక్షణ ఉండదు. సభలో జరిగింది దురుద్దేశం లేకుండా, ఉన్నదున్నట్టు రాసిన విలేకరికి మాత్రం రాజ్యాంగం 361ఎ అధికరణ అండగా ఉంటుంది.