వెనుక గదికి వైఫై ఎందుకు చేరదు?

ఇంటి వైఫై వెనుక గదికి అందకపోతే రూటర్‌కు బలం చాలలేదనుకుంటాం. ఇంకా ఎక్కువ యాంటెనాలున్నది కొనాలనిపిస్తుంది. కానీ ఈ యంత్రం పుట్టుక చూస్తే, తక్కువ బలంతో పనిచేయడమన్నది దానికి మొదట్లోనే పెట్టిన షరతు అని తెలుస్తుంది. 1985లో అమెరికా సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ మూడు రేడియో పట్టీలను లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది. మైక్రోవేవ్ ఓవెన్ల వంటి పరికరాల రొద ఉండే పట్టీలవి. అక్కడికి ఎవరైనా రావచ్చు, కాకపోతే శక్తి పరిమితి దాటకూడదు, ఇతరుల రొదను భరించాలి. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీకి ఆ వెసులుబాటు 2005లో, అలాంటి పరిమితితోనే వచ్చింది. అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్ రూటర్ మన రూటర్‌ను పూర్తిగా ముంచేయకుండా ఉండడానికి ఆ పరిమితి ఒక ముఖ్య కారణం. కాబట్టి దాన్ని తప్పించుకునే ఉపాయం వెతకడం కన్నా, దానికి లోబడి ఇల్లంతా వైఫై అందేలా చూసుకోవడమే దారి.

వైఫై మొదటి కొలువు ఇంట్లో కూడా కాదు. దుకాణాలకు క్యాష్ రిజిస్టర్లు తయారుచేసే ఎన్‌సీఆర్ సంస్థకు, కౌంటర్లు జరిపిన ప్రతిసారీ తీగలు మళ్లీ లాగాల్సి రావడం పెద్ద ఇబ్బందిగా ఉండేది. నెదర్లాండ్స్‌లోని దాని ఇంజనీర్లు తీగ లేని నెట్‌వర్క్‌కు పూనుకున్నారు. వారిలో ఒకరైన విక్ హేస్ అధ్యక్షతన ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈ బృందం 1997లో మొదటి ప్రమాణాన్ని ఖరారు చేసింది. వేగం సెకనుకు 2 మెగాబిట్లే. 1999కి 11 అయింది. గోడలు అడ్డం లేని విశాలమైన హాలు కోసం మొదలైన ఆలోచన ఇది. అలాంటి చోట కూడా తరంగాలు గోడలకూ బల్లలకూ తగిలి, ఒకే సంకేతం పలుమార్లు, కాస్త కాస్త ఆలస్యంగా చేరి కలగాపులగమయ్యేది. ఆస్ట్రేలియా పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓలో జాన్ ఒసల్లివన్ బృందం ఈ చిక్కు విప్పింది. ఆయన 1970లలో, పేలిపోయే బుల్లి కృష్ణబిలాల రేడియో సంకేతాల కోసం వెతికారు. అవి దొరకలేదు గాని, ఆ వెతుకులాటలో పదునెక్కిన గణితం ఇక్కడ అక్కరకొచ్చింది. వేగంగా పోయే ఒక్క ప్రవాహాన్ని నెమ్మదైన అనేక పాయలుగా చీల్చి పంపితే ప్రతిధ్వనులు అంతగా చెరపలేవు. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టమిది. అయితే ఆ గణితం కూడా గోడలో ఇంకిపోయిన శక్తిని తిరిగి తేలేదు.

మన ఇళ్లలో ఆ శక్తిని అడ్డుకునేవి చాలానే ఉన్నాయి. స్లాబులో ఇనుప చువ్వలు, గదికో ఇనుప బీరువా, నిలువుటద్దం వెనుక లోహపు పూత, నీళ్ల డ్రమ్ము. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌ది దాదాపు అందులో సగం. రెండోది వేగం ఎక్కువిస్తుంది గాని గోడ దాటేసరికి మరింత నీరసపడుతుంది. పైగా ఫైబర్ వీధి వైపు నుంచి వస్తుంది కనుక రూటర్‌ను హాల్లో టీవీ వెనుకో, షోకేసు లోపలో పెట్టేస్తారు. దాన్ని ఇంటి నడుమకు, కాస్త ఎత్తున, నాలుగు వైపులా ఖాళీగా ఉండేచోటికి మార్చడం పైసా ఖర్చులేని మొదటి వైద్యం.

మరింత శక్తిమంతమైన రూటర్ కొంటే చాలదా అనవచ్చు. వైఫై రెండువైపుల సంభాషణ. రూటర్ మాట ఫోన్‌కు చేరినంత మాత్రాన, చిన్న బ్యాటరీతో నడిచే ఫోన్ జవాబు రూటర్‌కు చేరదు. మంచి యాంటెనా వినికిడిని కూడా కొంత పెంచుతుంది, నిజమే. కానీ నిలువు కడ్డీ యాంటెనా పక్కలకు ఎక్కువ పంపాలంటే పైఅంతస్తు వాటా తగ్గించాలి. యాంటెనాల సంఖ్య పెంచడం వెనుక ముఖ్య ఉద్దేశం వేగం. స్టాన్‌ఫర్డ్‌లో ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ 1990ల మొదట్లో ప్రతిపాదించిన ఆ పలు యాంటెనాల పద్ధతి 2009 ప్రమాణంతో వైఫైలోకి వచ్చింది. చవకైన రిపీటర్ సంగతేమిటి? ఒకే ఛానెల్లో విన్నదాన్నే మళ్లీ చెప్పాలి కాబట్టి వేగం దాదాపు సగమవుతుంది. చాలామంది దాన్ని సిగ్నల్ అందని గదిలోనే తగిలిస్తారు. అక్కడ అది వినేదే అరకొర. దారి మధ్యలో, సిగ్నల్ ఇంకా గట్టిగా ఉన్నచోట పెట్టాలి. ఇంట్లో అక్కడక్కడా పెట్టి ఒకే నెట్‌వర్క్‌గా నడిపే మెష్ పెట్టెలు తమలో తాము మాట్లాడుకోవడానికి వేరే పట్టీ వాడితే నయం.

అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి మాత్రం పాతదే: వెనుక గదిదాకా ఒక ఈథర్నెట్ తీగ లాగి, అక్కడ వైఫైని పంచే రెండో పెట్టె (యాక్సెస్ పాయింట్) పెట్టడం. ఈ తీగ 100 మీటర్ల వరకు వేగం తగ్గకుండా మోస్తుంది. రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ ఇచ్చి, 2.4 పట్టీలో 1, 6, 11లలో చెరొక ఛానెల్ కేటాయిస్తే ఒకదానికొకటి అడ్డురావు. కట్టేసిన ఇంట్లో గోడలు పగలగొట్టాలా అన్నది న్యాయమైన అభ్యంతరం. అక్కర్లేదు, కేబుల్ టీవీ వైరు వచ్చిన దారిలోనే, బయటి గోడ వెంట కిటికీ అంచునుంచి తేవచ్చు. అద్దె ఇంట్లో అదీ కుదరకపోతే మెష్ సరే. కొత్తగా వచ్చిన వైఫై 7 ఈ బాధ తీరుస్తుందనుకోవడానికి కూడా వీల్లేదు, అది అదనంగా వాడే 6 గిగాహెర్ట్జ్ పట్టీ గోడల దగ్గర ఇంకా బలహీనం. ఇల్లు ఇప్పుడే కడుతున్నవారైతే కరెంటు పైపులకు దూరంగా హాలు నుంచి ప్రతి గదికీ మరో ఖాళీ పైపు వేయమని ఎలక్ట్రీషియన్‌కు ప్లాస్టరింగ్‌కు ముందే చెప్పాలి.