గుప్తీకరించిన హార్డ్‌డిస్క్: లోపనిర్ణయం, మరమ్మతుకు గల హద్దులు

వ్యాససంగ్రహం:
గుప్తీకరించిన హార్డ్‌డిస్క్ తెరుచుకోనప్పుడు లోపం ఏ అంచెలో ఉందో గుర్తించే క్రమాన్నీ, మరమ్మతు అసాధ్యమయ్యే సందర్భాలనూ, పరిశోధకులు ముందుగా తీసుకోవలసిన జాగ్రత్తలనూ వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గుప్తీకరణ, హార్డ్‌డిస్క్, హెడర్, రికవరీ కీ, పాఠపరిష్కరణ.

1. ఉపోద్ఘాతం:
క్షేత్రపర్యటనల్లో సేకరించిన పాటలు, ముఖాముఖీలు, తాళపత్రాల ఛాయాచిత్రాలు నేడు ఎక్కువగా హార్డ్‌డిస్కుల్లోనే ఉంటున్నాయి. వక్తల వ్యక్తిగత వివరాలు పరుల చేతిలో పడకుండా వాటిని గుప్తీకరించడం ఉచితమే. అయితే అటువంటి డిస్క్ పాడైతే ఎదురయ్యే సమస్య మామూలు డిస్క్ సమస్య వంటిది కాదు. పాడిన వృద్ధురాలు గతించాక ఆ పాటను మళ్లీ ఆమె గొంతులో రికార్డు చేయలేము. కనుక ఈ భేదాన్ని ముందే తెలుసుకోవడం అవసరం.

2. కీ, హెడర్:
విండోస్‌లోని బిట్‌లాకర్, లైనక్స్‌లోని లక్స్, ఈ రెండు వ్యవస్థల్లోనూ పనిచేసే వెరాక్రిప్ట్ - మూడింటి పద్ధతీ స్థూలంగా ఒకటే. డిస్కులోని సమాచారాన్ని గుప్తీకరించేది మనం టైపు చేసే పాస్‌వర్డ్ కాదు; డిస్కును సిద్ధం చేసినప్పుడు కంప్యూటర్ యాదృచ్ఛికంగా పుట్టించిన ఒక కీ. పాస్‌వర్డ్ ఆ కీని దాచిన పెట్టెను మాత్రమే తెరుస్తుంది. ఆ పెట్టె కూడా డిస్కులోనే ఒక చిన్న భాగంలో ఉంటుంది. దానినే హెడర్ అంటారు.

2001లో అమెరికా ప్రభుత్వం ప్రమాణంగా స్వీకరించిన ఏఈఎస్ పద్ధతిలో కీ గరిష్ఠపరిమాణం 256 బిట్లు, అంటే 32 బైట్లు. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు యూనికోడ్ సంకేతానికి 3 బైట్లు కావాలి. ఆ లెక్కన 11 తెలుగు సంకేతాలకైనా చాలని చోటది. ఆ కాస్తా చెరిగిపోతే డిస్కులోని సామగ్రి చెక్కుచెదరకుండా ఉన్నా చదవడానికి పనికిరాదు.

3. పాఠపరిష్కరణతో పోలిక:
పురుగు తిన్న తాళపత్రంలో లోపించిన అక్షరాన్ని పరిష్కర్త యతిప్రాసలను బట్టి, గణక్రమాన్ని బట్టి, సందర్భాన్ని బట్టి ఊహించగలడు. మామూలు డిస్కును బాగుచేసే సాఫ్ట్‌వేర్ చేసేదీ దాదాపు ఇదే. ఫైళ్ల నిర్మాణంలోని ఆనవాళ్లను పట్టుకొని అది పోయినదాన్ని పూరిస్తుంది. గుప్తీకరణ లక్ష్యమే అటువంటి ఆనవాళ్లను మిగల్చకపోవడం. కీని ఊహించడానికి ఆధారమేదీ ఉండదు. ఒక్కొక్కటిగా ప్రయత్నించి చూద్దామంటే సాధ్యమైన కీల సంఖ్య 78 అంకెలది. కాబట్టి ఇక్కడ మరమ్మతు అంటే కీ ప్రతి ఎక్కడైనా మిగిలి ఉందేమో వెదకడమే.

4. లోపనిర్ణయక్రమం:
4.1. మొదటి నియమం డిస్కుపై ఏమీ రాయకపోవడం. వెరాక్రిప్ట్, లక్స్ డిస్కులు సవ్యంగా ఉన్నా వాటిని గుర్తించలేక ఫార్మాట్ చేయమని విండోస్ అడగవచ్చు. సరేనంటే హెడర్ చెరిగిపోయే ప్రమాదం ఉంది.

4.2. డిస్కు నుండి టకటక శబ్దం వస్తే అది భౌతికలోపం. వెంటనే విద్యుత్తు ఆపి నిపుణుల ప్రయోగశాలకు పంపాలి. చదవగలిగే స్థితిలో ఉంటే జీఎన్‌యూ డీడీరెస్క్యూ వంటి సాధనంతో పూర్తి ప్రతిబింబం తీసి, ప్రయత్నాలన్నీ ఆ ప్రతిపైనే చేయాలి.

4.3. సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా తెరుచుకోకపోతే హెడర్‌ను అనుమానించాలి. బిట్‌లాకర్ ఈ సమాచారాన్ని డిస్కులో మూడు చోట్ల ఉంచుతుంది. 48 అంకెల రికవరీ కీ ఉంటే రిపేర్-బీడీఈ అనే సాధనం దక్కినంత సమాచారాన్ని వేరొక డిస్కుకు చేరుస్తుంది. వెరాక్రిప్ట్‌తో గుప్తీకరించిన బయటి డిస్కుల చివర హెడర్ ప్రతి ఒకటి ఉంటుంది. లక్స్ రెండవ రూపం హెడర్ వివరాలను రెండు ప్రతులుగా ఉంచినా, కీ నిక్షిప్తమైన భాగానికి మాత్రం రెండవ ప్రతి ఉండదు.

4.4. డిస్కు తెరుచుకొని ఫైళ్లు మాత్రం కనిపించకపోతే లోపం ఫైల్‌వ్యవస్థది. చెక్‌డిస్క్ వంటి సాధనాలకు చోటు ఇక్కడే. తాళం తీయకముందు కాదు.

4.5. కొన్ని బయటి డిస్కుల్లో గుప్తీకరణ జరిగేది పెట్టెలోని సర్క్యూట్ బోర్డులో. అటువంటి డిస్కును ఊడదీసి వేరొక పెట్టెలో పెడితే చదవడం వీలుకాదు. పాత బోర్డును పారవేయకూడదు.

5. ముగింపు:
హెడర్ ప్రతులన్నీ నశించినా, పాస్‌వర్డుతోపాటు రికవరీ కీ కూడా పోయినా మరమ్మతు అసాధ్యం. అది సాధనాల లోపం కాదు. గుప్తీకరణ తన పని తాను చేసినందువల్ల కలిగిన ఫలితం. కనుక రికవరీ కీని కాగితంపై ముద్రించి వేరేచోట ఉంచాలి. హెడర్ ప్రతిని మరొక పరికరంలో భద్రపరచాలి. పాస్‌వర్డ్ మార్చిన తరువాత కూడా పాత హెడర్ ప్రతి పాత పాస్‌వర్డుతోనే తెరుచుకుంటుంది. కాబట్టి మార్చిన ప్రతిసారీ కొత్త ప్రతి తీసి, పాతదాన్ని తొలగించాలి. వీటన్నిటికంటే ముఖ్యం మొత్తం సామగ్రికి గుప్తీకరించిన రెండవ ప్రతిని వేరొక ఊళ్లో ఉంచి, అది తెరుచుకుంటున్నదో లేదో అప్పుడప్పుడు పరీక్షించడం. ఏకైకప్రతి ఎంత ప్రమాదకరమో ప్రాచీనగ్రంథాలతో పనిచేసేవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. మన హార్డ్‌డిస్కుకూ అదే వర్తిస్తుంది.