మింగుడుపడని ముద్ద: స్పీచ్ థెరపిస్టు చేసే వైద్యం

పక్షవాతంతో ఆసుపత్రిలో చేరిన పెద్దాయన నాలుగో రోజున కొడుకును పేరుపెట్టి పిలిచాడనుకోండి. ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచివస్తుంది. డిశ్చార్జి చేస్తూ డాక్టరుగారు చీటీ మీద స్పీచ్ థెరపిస్టును కలవమని రాస్తారు. "మాట బాగానే వస్తున్నది గదా, మాటలు నేర్పేవారితో మనకేం పని?" అని చీటీని మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కేస్తారు. రెండు మూడు వారాలు గడిచేసరికి జ్వరం, ఆయాసం. "నిమ్ము చేసింది" అంటారు. చల్లగాలి తగిలిందని ఒకరు, పెరుగు పెట్టారని మరొకరు. జేబులోని చీటీ సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. ఆ చీటీ మాట కోసం కాదు, ముద్ద కోసం రాసినదని వారికి ఎవరూ విడమరచి చెప్పలేదు.

మాటలు నేర్పే నిపుణులకు మెతుకులు మింగడంతో సంబంధమేమిటన్న సందేహం సహజమే. పెదవులు, నాలుక, బుగ్గలు, అంగిలి, స్వరపేటిక అనే అవయవాలే మాటకూ ముద్దకూ పనిముట్లు. స్వరపేటికలోని స్వరతంత్రులు మాట కోసమే ఉన్నాయని మనం అనుకుంటాం. కానీ వాటి మొదటి విధి కాపలా. ముద్ద దిగేటప్పుడు శ్వాసనాళం తలుపు మూయడమే వాటి అసలు ఉద్యోగం. అందువల్లనే ఈ అవయవాల పనితీరును క్షుణ్ణంగా చదువుకున్న వాక్ చికిత్స నిపుణులకు మింగుడు చికిత్స కూడా అప్పగించారు. అమెరికాలో జెరి లోగెమన్ అనే వాక్ చికిత్సా శాస్త్రవేత్త 1983లో మింగుడు సమస్యల పరీక్ష, చికిత్సల మీద రాసిన గ్రంథం ఈ శాఖకు బలమైన పునాది వేసింది.

మనం రోజుకు కొన్ని వందల సార్లు మింగుతాం, ఒక్కసారీ దాని గురించి ఆలోచించం. ఆ చిన్న పనికి పాతిక జతలకు పైగా కండరాలు, మెదడు నుంచి వచ్చే ఐదారు జతల నరాలు కలసి పనిచేయాలి. నాలుక ముద్దను వెనక్కు నెట్టగానే అంగిలి వెనుకభాగం పైకి లేచి ముక్కుదారిని మూస్తుంది. శ్వాస ఆగుతుంది. స్వరపేటిక పైకి, ముందుకు జరుగుతుంది. ఉపజిహ్విక దానిమీదకు వాలుతుంది. స్వరతంత్రులు మూసుకుంటాయి. అన్నవాహిక నోరు తెరుచుకుంటుంది. గొంతులో ఇదంతా దాదాపు ఒక్క సెకనులో ముగిసిపోతుంది. గాలిదారి, అన్నందారి గొంతులో ఒకదానినొకటి దాటే కూడలి కనుక ఏ ఒక్క కదలిక ఆలస్యమైనా ముద్ద గాలిదారిలోకి జారుతుంది.

దానినే మనం పొలమారడం అంటాం. పొలమారగానే ఎవరో తలచుకుంటున్నారంటూ నడినెత్తి మీద తడతాం. ఆరోగ్యవంతుడికి ఎప్పుడో ఒకసారి పొలమారితే భయం లేదు. దగ్గు వచ్చి, లోపలికి పోయినదాన్ని బయటకు తోసేస్తుంది. పక్షవాతం, పార్కిన్సన్స్ వ్యాధి, తల దెబ్బ, గొంతు క్యాన్సరు వంటివి వచ్చినవారికి పూటపూటా పొలమారడం వేరు. అంతకంటే ప్రమాదకరమైనది అసలు పొలమారకపోవడం. గొంతు లోపలి స్పర్శ మందగించిన వారిలో నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి దిగిపోతున్నా దగ్గు రాదు, కళ్ళు చెమర్చవు. పక్కన కూర్చుని తినిపిస్తున్నవారికి "చక్కగా తాగుతున్నాడు" అనిపిస్తుంది. పక్షవాతం వచ్చిన తొలి రోజుల్లో ఇంచుమించు సగం మందికి మింగుడులో ఏదో ఒక ఇబ్బంది ఉంటుంది. చాలామందిలో అది కొద్ది వారాల్లోనే సర్దుకుంటుంది. ఆ కొద్ది వారాలు గండం లేకుండా దాటించడమే చికిత్సలో సగభాగం.

ఇంట్లోవారు గమనించవలసిన గుర్తులు కొన్ని ఉన్నాయి. తింటున్నప్పుడు గానీ, తిన్న వెంటనే గానీ దగ్గు. మింగిన తరువాత గొంతులో నీళ్ళు నిలిచినట్లు గురగురమనే కంఠం. భోజనమైన గంటకు కూడా బుగ్గ సందున దాగిన మెతుకులు. ముక్కులోంచి నీళ్ళు రావడం. కారణం తెలియకుండా మళ్ళీమళ్ళీ జ్వరం, తగ్గిపోతున్న ఒళ్ళు. ముద్ద గొంతు దాటి రొమ్ము దగ్గర ఆగినట్లుంటే మాత్రం అది అన్నవాహిక జబ్బు కావచ్చు. జీర్ణకోశ వైద్యులను చూడాలి.

థెరపిస్టు వచ్చీరాగానే తినిపించి చూడరు. రోగి పూర్తి మెలకువతో ఉన్నాడా, కూర్చోగలడా, నోరు శుభ్రంగా ఉన్నదా అని మొదట చూస్తారు. నాలుకను అటూ ఇటూ కదపమంటారు, "ఆ" అని పలికిస్తారు, గట్టిగా దగ్గమంటారు. ఆ తరువాతనే చెంచాడు నీళ్ళు. మింగుతుండగా గొంతు మీద వేళ్ళు ఆనించి స్వరపేటిక ఎంత లేచిందో పట్టిచూస్తారు, తిరిగి "ఆ" అనిపించి కంఠం మారిందేమో వింటారు. అనుమానం మిగిలితే పరికరాలతో పరీక్ష. బేరియం కలిపిన ఆహారం మింగుతుండగా కదిలే ఎక్స్‌రే తీయడం ఒక పద్ధతి. ముక్కు ద్వారా సన్నని కెమెరా గొట్టాన్ని దింపి గొంతును నేరుగా చూడడం రెండోది. దగ్గు రాకుండా లోపలికి జారేదాన్ని పట్టి ఇచ్చేవి ఈ రెండే.

చికిత్సలో మందుబిళ్ళలు ఉండవు కనుక మనవారికి ఇది వైద్యంలా అనిపించదు. కానీ తల ఏ వైపు తిప్పాలన్నది కూడా వైద్యమే. గొంతులో ఒక పక్క పడిపోయినవారిని ఆ పడిపోయిన వైపుకే తల తిప్పి మింగమంటారు. ఆ దారి మూసుకుని ముద్ద బలమున్న పక్కనుంచి దిగుతుంది. కొందరిని గడ్డం రొమ్ముకు వంచి మింగమంటారు. ఇది అందరికీ సరిపడదు, కనుక పొరుగింటివారికి చెప్పిన ఉపాయం మనం పాటించకూడదు. ఒక్కటి మాత్రం ఇటువంటి రోగులందరూ మానుకోవలసినదే. పెదవికి తగలకుండా చెంబు పైకెత్తి, తల వెనక్కు వంచి గుక్క పోసుకోవడం మన అలవాటు. మడికి మంచిదే గానీ, తల వెనక్కు వాలినప్పుడు గాలిదారి మరింత తెరుచుకుంటుంది. మంచాన పడుకోబెట్టి నోట్లో నీళ్ళు పోయడం ఇంకా ప్రమాదం. మనవాళ్ళు అదంతా ప్రేమతోనే చేస్తారు. అందుకే మాన్పించడం కష్టం. నిటారుగా కూర్చోబెట్టి తినిపించాలి, తిన్నాక అరగంటైనా అలాగే ఉంచాలి.

వ్యాయామాలూ ఉన్నాయి. మింగే మధ్యలో పైకి లేచిన స్వరపేటికను రెండు క్షణాలు అక్కడే నిలిపి ఉంచడం ఒకటి. వెల్లకిలా పడుకుని, భుజాలు లేపకుండా, తల మాత్రం ఎత్తి కాలి వేళ్ళను చూడడం ఇంకొకటి. రెజా షేకర్ అనే వైద్యుని బృందం 1997లో ప్రకటించిన ఈ పద్ధతిలో నిమిషం చొప్పున మూడుసార్లు తల నిలిపి ఉంచి, ఆ తరువాత ముప్పై సార్లు ఎత్తి దించుతారు. రోజుకు మూడు పూటలు, ఆరు వారాలు. మెడనొప్పి ఉన్నవారికి పనికిరాదు. చూపించుకోకుండా మొదలుపెట్టవద్దు.

ఇక ఆహారం. పల్చని నీరే అన్నిటికంటే వేగంగా జారుతుంది, బలహీనమైన గొంతుకు తలుపు మూసే వ్యవధి ఇవ్వదు. అందుకే కొందరికి ద్రవాలను చిక్కబరచి ఇమ్మంటారు. "కొంచెం చిక్కగా" అంటే ఒక్కో ఇంట్లో ఒక్కో అర్థం. ఈ గందరగోళం తీర్చడానికి 2013లో వివిధ దేశాల నిపుణులు ఒక కూటమిగా ఏర్పడి సున్నా నుంచి ఏడు వరకు అంచెలు నిర్ణయించారు. కొలిచే సాధనం పది మిల్లీలీటర్ల సూదిలేని సిరంజి. గీతలున్న భాగం 61.5 మిల్లీమీటర్ల పొడవున్న సిరంజి మాత్రమే లెక్కకు వస్తుంది. మూతిని వేలితో మూసి జావతో నింపి, పది సెకన్లు వదిలి మళ్ళీ మూయాలి. ఒకటి నుంచి నాలుగు మిల్లీలీటర్లు మిగిలితే మొదటి అంచె, నాలుగు నుంచి ఎనిమిది అయితే రెండవది, ఎనిమిదికి మించితే మూడవది. మన రాగిజావ, బియ్యపు గంజి ఈ కొలతకు లొంగుతాయి. అయితే జావ చల్లారేకొద్దీ చిక్కబడుతుంది, కనుక పట్టించే వేడిలోనే కొలవాలి. ఎంగిలి చెంచా మళ్ళీమళ్ళీ గిన్నెలో ముంచితే లాలాజలం పిండిపదార్థాన్ని కరిగించి గంజిని పల్చన చేస్తుంది. అందువల్ల కొద్దికొద్దిగా వేరే గిన్నెలోకి తీసుకోవాలి.

రాయలసీమ, కోలారు, పావగడ వైపు ఇళ్ళలో సంకటి ముద్దను నమలకుండా మింగడమే పద్ధతి. జిగటగా ఉండే ఆ ముద్ద బలహీనమైన గొంతులో అతుక్కుంటుంది. అదే రాగిపిండి జావగా మారితే మేలు. చారన్నం మెత్తగానే కనిపిస్తుంది గానీ, నీళ్ళు ముందు జారి మెతుకులు వెనుక మిగిలే రెండు రకాల ఆహారం అది, చాలామందికి కష్టం. పెరుగన్నం ఒకే రకంగా మెత్తగా మెదిపితే సులువు. మాత్రలను నూరి కలిపే ముందు డాక్టరును అడగాలి, కొన్నిటిని నూరకూడదు.

చిక్కబరచడం సర్వరోగ నివారిణి కాదు. మతిమరుపు జబ్బు లేదా పార్కిన్సన్స్ ఉన్న 515 మందిపై జరిపిన అధ్యయనం 2008లో అమెరికాలో వెలువడింది. గడ్డం వంచి పల్చని నీరు తాగినవారికీ, చిక్కని ద్రవాలు తాగినవారికీ మధ్య మూడు నెలల్లో వచ్చిన న్యుమోనియాలో తేల్చిచెప్పదగిన తేడా కనిపించలేదు. చిక్కని ద్రవం రుచించక రోగి తాగడమే తగ్గిస్తే ఒంట్లో నీరు తగ్గే ప్రమాదమూ ఉంది. అందుకే ఎవరికి ఎంత చిక్కదనం, ఎన్నాళ్ళు అన్నది థెరపిస్టు తిరిగితిరిగి పరీక్షించి మారుస్తారు.

నోటి శుభ్రత సంగతి మనవారు ఎక్కువగా మరచిపోయేది. ఊపిరితిత్తుల్లోకి దిగే ఉమ్మిలోని క్రిములే నిమ్ముకు మూలం. జపానులో వృద్ధాశ్రమాల్లో ప్రతి భోజనం తరువాత పళ్ళు, నోరు శుభ్రపరిస్తే న్యుమోనియా తగ్గినట్లు 2002లో వెలువడిన అధ్యయనం తెలిపింది. ముక్కు గొట్టంతో ఆహారం వెళుతున్నవారికి కూడా నోరు కడగాలి, ఎందుకంటే ఉమ్మి ఊరుతూనే ఉంటుంది. ఆ గొట్టాన్ని చూసి చాలామంది "ఇక అయిపోయింది" అనుకుంటారు. ఎక్కువమందికి అది గొంతు కోలుకునే దాకా వేసిన తాత్కాలిక వంతెన. దాన్ని ఎప్పుడు తీయవచ్చో చూసి చెప్పేదీ ఈ నిపుణులే.

ఉత్తర కోస్తాలోనూ, దాన్ని ఆనుకున్న ఒడిశా పల్లెల్లోనూ చుట్ట కాలే కొనను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు పెద్దతరం స్త్రీలలో ఎక్కువ. అంగిలికి వచ్చే క్యాన్సరుకు అది ముఖ్య కారణం. శస్త్రచికిత్సలో అంగిలి కొంత తీసివేస్తే తిన్నది ముక్కులోకి వస్తుంది. దంతవైద్యులు ఆ రంధ్రాన్ని మూసే పలకను అమరుస్తారు. ఆ పలకతో మింగడం, మాట్లాడడం నేర్పేది థెరపిస్టు. గొంతుకు రేడియేషన్ తీసుకునేవారు చికిత్సకు ముందే మింగే వ్యాయామాలు మొదలుపెట్టడం మంచిది. లేకపోతే వాడని కండరాలు బిగుసుకుపోతాయి.

పిల్లల విషయానికి వస్తే, గ్రహణమొర్రితో, చీలిన అంగిలితో పుట్టిన బిడ్డ చనుబాలు పీల్చలేదు, ఎందుకంటే చీలిక గుండా గాలి పోయి నోట్లో పట్టు కుదరదు. తల్లికి పాలు లేవని, బిడ్డకు ఆకలి లేదని అపార్థం చేసుకుంటారు. మన ఉగ్గుగిన్నె ఇక్కడ ఎంతో ఉపయోగపడుతుంది. తమిళులు పాలాడై, కన్నడిగులు ఒళలె అనే ఈ పాతకాలపు గిన్నెను నవజాత శిశువుల వార్డుల్లో నేటికీ వాడుతున్నారు. బిడ్డను సగం నిలువుగా పట్టుకుని, కొద్దికొద్దిగా పోసి, మింగాక మళ్ళీ పోయాలి. ముక్కు మూసి గుటక వేయించడం, ముక్కుల్లో నూనె చుక్కలు వేయడం మాత్రం పూర్తిగా మానాలి. నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే వచ్చే న్యుమోనియా తేలికగా వదలదు. మెదడు ఎదుగుదల దెబ్బతిన్న పిల్లలను ఒడిలో వెల్లకిలా వేసి తినిపించడం మరో పొరపాటు. తుంటి దగ్గర వంగేలా కూర్చోబెట్టి, చెంచాను ఎదురుగా, నోటి ఎత్తునే తెచ్చి, నాలుక మీద ఆనించి, పెదవులు మూసేవరకు ఆగాలి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో వాక్ చికిత్స నిపుణుల సేవ కూడా ఉండాలన్నది నిబంధన. గ్రహణమొర్రి శస్త్రచికిత్స ఆ పథకంలో ఉచితం.

పెద్దలకైనా, పిల్లలకైనా ఈ నిపుణులను తయారుచేసే పెద్ద సంస్థ మైసూరులో ఉన్నది. 1965లో స్థాపించిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ అది. ముంబయిలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉన్నది. ఎవరి దగ్గరకు వెళ్ళినా, భారత పునరావాస మండలిలో నమోదైనవారేనా అని అడగడం మన హక్కు.

మన సరిహద్దు కుటుంబాలకు మరో చిక్కు భాష. హోసూరువారు తమిళంలో, పావగడవారు కన్నడంలో, పర్లాకిమిడివారు ఒడియాలో, సిరొంచవారు మరాఠీలో సూచనలు వినవలసి వస్తుంది. సంత బేరానికి చాలిన పరభాష, "గడ్డం వంచి, ఊపిరి బిగబట్టి, రెండుసార్లు మింగి, ఆపై దగ్గండి" అన్న వరుసను పట్టుకోవడానికి చాలదు. పక్షవాతంతో మాట గ్రహించే శక్తి మందగించిన పెద్దలకు తమిళ "విళుంగు", కన్నడ "నుంగు" అన్న పదం తగలకపోతే, ఆయనకు మింగడమే రాదని నిపుణులు పొరబడవచ్చు. "మింగు" అని ఇంటి మనిషి చెప్పాలి. కనుక రోజూ తినిపించే మనిషే వెంట వెళ్ళాలి. పట్నంలో చదివే మనుమడు వెళ్ళి, విన్నది ఇంటికొచ్చి చెబితే సరిపోదు. ఇంట్లో వాడే చెంచా, గ్లాసు, ఇంటి జావ కొంచెం డబ్బాలో పట్టుకెళ్ళండి. థెరపిస్టు ఎదుటే మీ చేత్తో నాలుగు చెంచాలు పట్టించి, తప్పు దిద్దమనండి. చెప్పినదాన్ని అక్కడే తెలుగులో రాసుకుని, మంచం దగ్గర గోడకు అంటించండి. మీరు పొలానికి వెళ్ళిన పూట తినిపించేవారికి అది కనిపించాలి.