కర్ణఫూలి కింద ఖరీదైన దారి

బంగ్లాదేశ్ ప్రధాన రేవు పట్టణం చిట్టగాంగ్‌లో కర్ణఫూలి నది కింద సొరంగ మార్గం నిర్మించాలన్న యోచనకు ఒక కారణం పూడిక భయం. వంతెన స్తంభాలు పెరిగితే ఒండ్రు పేరుకుని ఓడల రాకపోకలకు ఆటంకమవుతుందని భావించారు. 2016 అక్టోబరులో చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్, నాటి ప్రధాని షేక్ హసీనా కలసి శంకుస్థాపన చేశారు. చైనా ఎగ్జిమ్ బ్యాంకు రుణంతో, చైనా సంస్థే నిర్మించిన 3.32 కిలోమీటర్ల జంట సొరంగం 2023 అక్టోబరు 28న ప్రారంభమైంది. వ్యయం 10 వేల కోట్ల టాకాలు మించింది.

ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు ప్రవేశం లేదు. ఆవలి ఒడ్డున అన్వారాలో తలపెట్టిన చైనా ఆర్థిక మండలం అప్పటికి కార్యరూపం దాల్చలేదు. ఇక సరుకు లారీలు ఎక్కడినుంచి వస్తాయి? వాహనాల సంఖ్య అంచనాలకు ఎంతో దిగువన ఉండిపోయింది. వసూలైన సుంకం నిర్వహణ ఖర్చులకే చాలలేదు. హసీనా పదవీచ్యుతి అనంతరం, 2025లో, సొరంగం పేరునుంచి ఆమె తండ్రి ముజిబుర్ రహమాన్ పేరు తొలగించారు. చైనా అప్పు మాత్రం ఖజానా మీదనే ఉంది.