హెచ్చరికలో రెండు మీటర్లు.. ఎదురయ్యేది నాలుగు మీటర్ల అల కావచ్చు

‘తీరం వెంబడి గంటకు 35 నుంచి 45 కిలోమీటర్లు, గరిష్ఠంగా 55 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు వీస్తాయి. సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. మత్స్యకారులు వేటకు వెళ్లరాదు.’ వర్షాకాలంలోనూ, తుపానుల కాలంలోనూ తీర ప్రాంతాల ప్రజలు తరచూ వినే వాక్యాలివి. పదే పదే వినడం వల్ల చెవికి అలవాటైపోయిన ఈ మాటల్లో ప్రతి పదానికీ, ప్రతి అంకెకూ ఒక నిర్దిష్టమైన కొలత ఉంది. ఆ కొలత తెలియనివారికి రెండు మీటర్ల అల అంటే రెండు మీటర్ల అలే. నడిసముద్రంలో చిన్న పడవకు మాత్రం ఆ తేడా ప్రాణాలతో ముడిపడిన విషయం.

దేశంలో సముద్ర వాతావరణ సమాచారం ప్రధానంగా రెండు సంస్థల నుంచి వెలువడుతుంది. గాలులు, వర్షాలు, అల్పపీడనాలు, తుపానుల అంచనాలను 1875లో ఏర్పాటైన భారత వాతావరణ శాఖ రూపొందిస్తుంది. అలలు, ప్రవాహాలు, సునామీలకు సంబంధించిన సూచనలను 1999లో హైదరాబాద్‌లో నెలకొల్పిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, అందిస్తుంది. సముద్రమే లేని నగరం నుంచి దేశపు తీరమంతటికీ అలల కబురు వెళ్తుందన్న మాట. ఉపగ్రహాలు, సముద్రంలో లంగరు వేసి ఉంచిన బాయ్‌లు పంపే కొలతలను, గాలుల అంచనాలను కంప్యూటర్ నమూనాల్లోకి చేర్చి రాబోయే రోజుల్లో అలల ఎత్తు, దిశ, వాటి మధ్య వ్యవధి ఎలా ఉంటాయో లెక్కిస్తారు.

ఆ ఎత్తు దేని సగటు?

సముద్రంలో ఏ రెండు అలలూ ఒకే ఎత్తులో ఉండవు. అందువల్ల బులెటిన్‌లో ఇచ్చే అల ఎత్తు ఒక అల కొలత కాదు, ఒక సగటు. అదీ అన్ని అలల సగటు కాదు. ఒక చోట వరుసగా 300 అలలు వచ్చాయనుకుంటే, వాటిని ఎత్తు ప్రకారం పేర్చి, పైనున్న 100 అలల సగటు తీస్తారు. దీన్నే సముద్ర శాస్త్రంలో ‘సిగ్నిఫికెంట్ వేవ్ హైట్’ అంటారు. అనుభవజ్ఞుడైన నావికుడు కంటితో చూసి చెప్పే ఎత్తుకు ఇది దగ్గరగా ఉండటమే ఈ పద్ధతి స్థిరపడటానికి కారణం.

సగటు అన్నప్పుడు అంతకు మించినవీ తప్పక ఉంటాయి. పది సెకన్లకు ఒక అల చొప్పున లెక్క వేస్తే మూడు గంటల్లో వెయ్యికి పైగా అలలు పడవ కింద నుంచి వెళ్తాయి. వాటిలో అన్నింటికన్నా పెద్దది, బులెటిన్‌లో చెప్పిన ఎత్తుకు దాదాపు రెట్టింపు వరకు ఉండవచ్చు. ‘రెండు మీటర్లు’ అన్న సూచనను నాలుగు మీటర్లకు దగ్గరైన అల కూడా రావచ్చన్న అర్థంలోనే చదువుకోవాలి. అటువంటి అల వచ్చినంత మాత్రాన అంచనా తప్పినట్టు కాదు. ఆ అంకె అర్థంలోనే ఆ అవకాశం ఇమిడి ఉంది.

మరో సంగతి, అలలోని శక్తి దాని ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. సూచన రెండు మీటర్ల నుంచి మూడు మీటర్లకు మారితే పెరిగింది ఒక మీటరే అయినా, అలల తాకిడి శక్తి రెండింతలు దాటుతుంది.

పదాల వెనుక మీటర్లు

వాడుక తెలుగులో ‘అల్లకల్లోలం’ అన్న మాటకు హద్దులు లేవు. సముద్రం కాస్త పొంగినా, పెను తుపాను వచ్చినా అదే మాట. వాతావరణ శాఖ వాడే సముద్ర స్థితి కొలమానంలో మాత్రం ప్రతి స్థాయికీ హద్దులున్నాయి. అలల ఎత్తు 1.25 నుంచి 2.5 మీటర్ల వరకు ఉంటే మోస్తరు స్థితి. 2.5 నుంచి 4 మీటర్ల వరకు ఉంటే అల్లకల్లోలం. 4 నుంచి 6 మీటర్ల వరకు తీవ్ర అల్లకల్లోలం. ఆపైన 9 మీటర్ల వరకు ఉన్న స్థితిని, అంతకు మించిన స్థితులను వేరే పేర్లతో గుర్తిస్తారు. ఒక భాష నుంచి మరో భాషకు, బులెటిన్ నుంచి రేవులోని మైకుకు చేరేలోగా ఈ స్థాయుల మధ్య తేడా తరచూ చెరిగిపోతుంది. అందుకే విశేషణంతో సరిపెట్టుకోకుండా మీటర్లలో ఎంత చెప్పారన్నది అడిగి తెలుసుకోవడం మేలు.

గాలి విషయంలోనూ అంతే. ‘35 నుంచి 45’ అన్నది నిలకడగా వీచే గాలి వేగం. ‘గరిష్ఠంగా 55’ అన్నది కొద్ది క్షణాల పాటు విసురుగా వచ్చే గాలి వేగం. గాలి తోపు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, 45 కిలోమీటర్ల గాలి కంటే 55 కిలోమీటర్ల విసురు దాదాపు ఒకటిన్నర రెట్లు బలంగా తాకుతుంది. పడవలు ఒరిగిపోయేది చాలావరకు ఈ విసురు వేళలోనే. నావికులకు ఇచ్చే సూచనల్లో వేగాన్ని నాట్లలో చెబుతారు. ఒక నాటు గంటకు 1.852 కిలోమీటర్లకు సమానం.

అల్పపీడనం బలపడే క్రమానికీ గాలి వేగమే కొలబద్ద. గాలులు గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, 51 దాటితే తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుపాను. తుపానుగా మారితేనే ప్రమాదమన్న అభిప్రాయం సరికాదు. చిన్న తెప్పకు, నాటు పడవకు వాయుగుండపు గాలి చాలు.

ఎత్తుతో పాటు వ్యవధీ ముఖ్యమే

బులెటిన్‌లో ఎక్కువ మంది పట్టించుకోని అంకె అలల వ్యవధి, అంటే ఒక అల శిఖరం దాటిన తర్వాత రెండోది రావడానికి పట్టే సమయం. రెండు మీటర్ల అలలు ఐదు సెకన్లకు ఒకటి వస్తే వాటి మధ్య దూరం లోతైన నీటిలో 40 మీటర్లకు మించదు. అవి నిటారుగా ఉండి చిన్న పడవను కుదిపేస్తాయి. అదే ఎత్తు అలలు పది సెకన్లకు ఒకటి వస్తే ఆ దూరం 150 మీటర్లు దాటుతుంది. పడవ వాటిపై మెల్లగా లేచి మెల్లగా దిగుతుంది. ఇన్‌కాయిస్ 2020లో ప్రారంభించిన చిన్న నౌకల సలహా సేవ ఈ ఏటవాలును కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఏడు మీటర్ల వరకు వెడల్పున్న పడవలు ఏ ప్రాంతంలో బోల్తాపడే అవకాశముందో అది ముందుగా తెలియజేస్తుంది.

వ్యవధి 15 సెకన్లు దాటితే ప్రమాదం స్థలం మారుతుంది. అది నడిసముద్రాన్ని వదిలి ఒడ్డుకు చేరుతుంది.

గాలి లేని రోజున వచ్చే అల

సముద్రంలో అలలు రెండు రకాలు. అక్కడి గాలికి అక్కడే లేచేవి ఒక రకం. ఎక్కడో దూరాన పుట్టి, ఆ గాలిని వెనక వదిలేసి ప్రయాణించి వచ్చేవి మరో రకం. రెండో రకాన్ని స్వెల్ అంటారు. 18 సెకన్ల వ్యవధి గల అలల శక్తి గంటకు సుమారు 50 కిలోమీటర్లు, రోజుకు సుమారు 1,200 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. దక్షిణ హిందూ మహాసముద్రంలో 6,000 కిలోమీటర్ల అవతల లేచిన అల ఐదు రోజులకు భారత తీరాన్ని తాకుతుంది. ఆనాటికి ఇక్కడ గాలి ఉండకపోవచ్చు. ఆకాశంలో ఒక్క మబ్బు కూడా ఉండకపోవచ్చు.

కేరళ మత్స్యకారులు దీనికి ఏనాడో ‘కళ్లక్కడల్’ అని పేరు పెట్టారు. మలయాళంలో కళ్లన్ అంటే దొంగ, కడల్ అంటే సముద్రం. చెప్పకుండా వచ్చే సముద్రం అని భావం. 2012లో యునెస్కో ఈ పదాన్ని శాస్త్రీయ వాడుకకు ఆమోదించింది. 2024 మార్చి 31న తిరువనంతపురం, కొల్లం, అలప్పుళ జిల్లాల తీరాల్లో సముద్రం ఇలాగే ఇళ్లలోకి చొచ్చుకొచ్చింది. దక్షిణ అట్లాంటిక్ నుంచి దక్షిణ హిందూ మహాసముద్రం వైపు కదిలిన అల్పపీడన వ్యవస్థ అందుకు మూలమని ఇన్‌కాయిస్ వివరించింది. అదే ఏడాది మే 6న తమిళనాడులోని కన్యాకుమారి జిల్లా లెమూర్ బీచ్ వద్ద ఐదుగురు వైద్య విద్యార్థులు అలల్లో చిక్కుకొని మరణించారు. ఈ తరహా అలలపై అప్పటికే హెచ్చరికలు వెలువడి ఉన్నాయి.

ఇటువంటి అల లోతైన నీటిలో దాదాపు కనిపించదు. 18 సెకన్ల అల పొడవు సుమారు అర కిలోమీటరు ఉంటుంది. తీరం దగ్గర లోతు తగ్గేకొద్దీ దాని వేగం తగ్గి, ఎత్తు పెరిగి, ఒడ్డున విరుచుకుపడుతుంది. ఆ రోజుల్లో నదులు సముద్రంలో కలిసే మొగల వద్ద పడవలు బయటకు వెళ్లడం, లోపలికి రావడం ప్రమాదకరం. రేవులో కట్టిన పడవలు ఒకదానికొకటి కొట్టుకోకుండా తగినంత దూరంలో ఉంచాలని సలహా ఇస్తారు. సందర్శకులు నీటిలో దిగకపోవడమే క్షేమం. అలలు విరగకుండా నెమ్మదిగా, కాస్త ముదురు రంగులో కనిపించే పాయ ఈతకు అనువైన చోటనిపిస్తుంది. నిజానికి నీరు వేగంగా లోపలికి వెనుదిరిగే మార్గం తరచూ అదే. ఆ ప్రవాహంలో చిక్కుకున్నవారు ఒడ్డు వైపు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా ఈది దాని నుంచి బయటపడాలి.

రేవులో ఎగిరే నంబరు

ఓడరేవుల్లో ఎగురవేసే ప్రమాద సూచికలు 1 నుంచి 11 వరకు ఉంటాయి. ఒకటో నంబరు, దూర సముద్రంలో వాయుగుండం ఉందని చెబుతుంది. రెండోది అక్కడే తుపాను ఏర్పడిందని చెబుతుంది. మూడు, నాలుగు నంబర్లు ఆ రేవుకే ఈదురుగాలుల ముప్పు ఉందన్నందుకు గుర్తు. 5, 6, 7 నంబర్లు ప్రమాదాన్ని, 8, 9, 10 నంబర్లు మహా ప్రమాదాన్ని సూచిస్తాయి. ఆ మూడేసి అంకెల్లో తేడా తీవ్రతలో కాదు, తుపాను రేవుకు ఏ పక్క నుంచి దాటుతుంది, లేక దాని మీదుగానే వెళ్తుందా అన్నదానిలో. అందువల్ల ఐదు నుంచి ఆరుకు మారడాన్ని తుపాను బలపడినట్టుగా భావించనక్కర్లేదు. 11వ నంబరు వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని చెబుతుంది.

తుపాను తీరం దాటేటప్పుడు లెక్కించవలసినది అల ఒక్కటే కాదు. గాలి నీటిని తీరం మీదికి నెట్టడం వల్ల వచ్చే ఉప్పెన సాధారణ ఆటుపోట్ల మీద అదనంగా చేరుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సముద్రం పోటు మీదున్న వేళ తుపాను దాటితే నీరు మరింత లోపలికి వస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమలో వేలాది ప్రాణాలను తీసింది ప్రధానంగా ఈ ఉప్పెనే.

కబురు చేరని చోటు

ఐదు రోజుల సూచనలో మొదటి రోజుకూ ఐదో రోజుకూ ఒకే బలం ఉండదు. రోజులు పెరిగేకొద్దీ అనిశ్చితి పెరుగుతుంది. కొన్ని వ్యవస్థలు గంటల్లోనే బలపడతాయి. 2017 నవంబరు 29న వాయుగుండంగా ఏర్పడిన ఓఖీ మరుసటి రోజే కన్యాకుమారి సమీపంలో తుపానుగా మారింది. అప్పటికే వేటకు వెళ్లి ఉన్న కేరళ, తమిళనాడు మత్స్యకారుల్లో వందల మంది తిరిగి రాలేదు. తీరానికి పది, పన్నెండు కిలోమీటర్లు దాటితే సెల్‌ఫోన్ సిగ్నల్ అందదు. ఈ లోటు తీర్చేందుకే ఉపగ్రహం ద్వారా హెచ్చరికలు అందుకునే జెమినీ పరికరాన్ని 2019లో ప్రవేశపెట్టారు.

భాష మరో అడ్డంకి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు ఏటా నెలల తరబడి గుజరాత్‌లోని వెరావల్ రేవు నుంచి అరేబియా సముద్రంలో వేటకు వెళ్తారు. వారు వినవలసినది ఇంటి దగ్గరి బంగాళాఖాతం కబురు కాదు, పడవ ఉన్న చోటి కబురు. తమ రేవు ఏ సముద్ర ప్రాంతం కిందికి వస్తుందో తెలుసుకొని, ఆ ప్రాంతపు బులెటిన్‌ను తమ భాషలో వినే ఏర్పాటును తండేలు బయలుదేరే ముందే చేసుకోవలసి ఉంటుంది.

హెచ్చరికను పాటించడానికీ ఖర్చుంది. వేట మానిన రోజు కూలి లేదు. డీజిలు, ఐసు కొని సిద్ధంగా ఉన్న పడవకు ఆగడమంటే నష్టం. తుపాను దారి మళ్లినప్పుడు ఆ నష్టం వృథా అనిపిస్తుంది, తర్వాతి హెచ్చరికపై నమ్మకం సడలుతుంది. అందుకే ‘వెళ్లరాదు’ అన్న ఒక్క మాటకు బదులు, ఎందుకు వెళ్లరాదో చెప్పే అంకెలు పడవ దాకా చేరడం అవసరం.

బయలుదేరే ముందు తెలుసుకోవలసినవి ఐదు: గాలి గరిష్ఠ వేగమెంత, అలల ఎత్తు ఎన్ని మీటర్లు, వ్యవధి ఎన్ని సెకన్లు, ఆ సూచన ఏ ప్రాంతానికి, ఎప్పటి వరకు. ఎత్తును రెట్టింపు చేసి చూసుకోవాలి. వ్యవధి 15 సెకన్లు దాటితే మొగ వద్ద, ఒడ్డున జాగ్రత్త వహించాలి. ఉదయం విన్న సూచన సాయంత్రానికి మారవచ్చు కనుక, పడవ తాడు విప్పే ముందు తాజా బులెటిన్‌ను మరోసారి వినాలి.