పాత ట్యాబ్లెట్‌కు కొత్త ప్రాసెసర్ వేయవచ్చా?

పాత ట్యాబ్లెట్‌లో ప్రాసెసర్, ర్యామ్ మార్చి దాని వేగం పెంచడం దాదాపు అసాధ్యం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ కంప్యూటర్ విడిభాగాలకు పేరున్న బజారు. అక్కడ డెస్క్‌టాప్‌కు సరిపడే ర్యామ్ కొని, పాతది తీసి కొత్తది గాడిలో నొక్కితే పని పూర్తవుతుంది. ట్యాబ్లెట్‌లో ఆ గాడే ఉండదు.

ట్యాబ్లెట్ పలుచగా ఉండాలి, తక్కువ కరెంటుతో నడవాలి. అందుకే ప్రాసెసర్‌ను, గ్రాఫిక్స్‌ను ఒకే చిప్‌లో ఇమిడ్చి, దాన్ని బోర్డుకు టంకంతో అతికిస్తారు. చిప్ అడుగున ఆవగింజకన్నా చిన్న టంకపు బొట్లు వందలాదిగా ఉంటాయి. ర్యామ్, స్టోరేజీ కూడా సాధారణంగా ఇలాగే అతుక్కుని ఉంటాయి. వేడిగాలితో చిప్‌ను లేపగల నేర్పరులు ఉన్నారు. కానీ కొత్త తరం చిప్‌కు ఆ బొట్ల అమరిక వేరు, కావలసిన వోల్టేజీ వేరు. సాఫ్ట్‌వేర్‌ను కూడా కంపెనీ పాత చిప్‌కు తగ్గట్టే తయారుచేసి ఉంటుంది. పిల్లల చదువుకు పనికొచ్చే పరికరం ఇలా త్వరగా మూలపడటం నిజంగా నష్టమే.

2011లో కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసం విడుదల చేసిన ఆకాశ్ ట్యాబ్లెట్ హైదరాబాద్‌లోనే తయారైంది. అందులో 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్ ఉండేవి. మెమరీ కార్డు వేస్తే ఫైళ్లు దాచుకునే చోటు పెరిగేది, వేగం పెరిగేది కాదు.

బ్యాటరీ, తెర, చార్జింగ్ పోర్టు మాత్రం అదే మోడల్‌వి దొరికితే మార్చుకోవచ్చు. లిథియం బ్యాటరీకి పదునైనది గుచ్చుకుంటే మంట రావచ్చు కాబట్టి పిల్లలు ట్యాబ్లెట్‌ను సొంతంగా విప్పకుండా, పెద్దలతో కలిసి మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లాలి.